ఆ రోజు నేనన్న ‘ఆయ్’

ఆరేళ్ళుగా ఒక చిన్న మాటని మోస్తున్నానండి. మాటంటే పూర్తి మాట కూడా కాదు. మా కోనసీమలో ఎవరేం అడిగినా ఔనని చెప్పడానికి ‘ఆయ్’ అంటాం కదా, అదే. అంతే. అన్నప్పుడు నా చేతి కింద ఉన్న కీబోర్డు, ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న మనిషి, ఆవిడ ఒళ్ళో ఉన్న పిల్ల, పిల్ల చేతిలో సగం కొరికిన రస్కు. ఏదీ కళ్ళముందునుంచి పోలేదు. పోతుందేమోనని చూసేను. పోలేదు.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. అందుకే మీ దగ్గర నోరు పెగుల్తోంది.

నిజానికి ఈ నెల నేను గంతులేసుకోవాల్సిన నెలండి. వేసేను కూడా. నా డిగ్రీ పట్టా పోస్టులో వచ్చింది. మా ఇంటావంటా డిగ్రీ చేసినవాళ్ళు లేరు. మా నాన్న కొబ్బరికాయల ఒలుపు పనికెళ్తాడు, అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీస్తది. నేను ఇంటరవగానే పనిలో చేరిపోయి, ఓ ఏడాది ఫీజు కడితే ఇంకో ఏడాది ఆగి, దూరవిద్యలో డిగ్రీ ఇన్నాళ్ళకి లాగించేను. పట్టా వచ్చిన వారంలోనే మెడికల్ కోడింగ్ పరీక్ష పాసయ్యేనని మెయిలు. దాని వెనకే ఉద్యోగం. పిల్లల గుండె ఆపరేషన్లకి వేరేవాళ్ళు వేసిన కోడ్లు సరిగ్గా ఉన్నాయో లేవో చూసే ఉద్యోగం. కనపడ్డవాళ్ళందరికీ చెప్పేను. పాలుపోసే ఆయనకి రెండుసార్లు చెప్పేను. “నిన్నే చెప్పేవు కదమ్మా, ఇయ్యాలా అదే ఉద్యోగమా?” అని నవ్వేడాయన.

వేరేవాళ్ళ తప్పులు పట్టుకోవడం. చూసేరా. నాకే ఇచ్చేరు ఆ పని.

కోడింగంటే ఏంటో చెప్తాను, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఆసుపత్రిలో ఏ ఆపరేషన్ చెయ్యాలన్నా దానికో నంబరుంటది. ప్రభుత్వం కార్డు మీద చేసేవాటికైతే ముందు ఆ నంబరు వేసి, కాగితాలు జతచేసి, పైకి పంపాలి. పైవాళ్ళు సరేనంటేనే పిల్లని లోపలికి తీసుకెళ్తారు. డాక్టరు గారు రాసిందాన్ని చదివి నంబరు వేసేది మాలాంటివాళ్ళం. మాకు బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఓ పెద్దాసుపత్రిలో, కార్డు పేషెంట్ల కిటికీ దగ్గర, పంతొమ్మిదో ఏట కూర్చున్నాను నేను.

ఆ కిటికీ దగ్గర ఓ పద్ధతుండేది. ఎవరూ ఫారం మొదట్నుంచీ కొట్టేవారు కాదు. అదే జబ్బుతో అంతకుముందు వచ్చిన పేషెంటు ఫైలు తెరిచి, పేరు మార్చి, కార్డు నంబరు మార్చి, వయసు మార్చి పంపేసేవారు. నాకూ మొదటిరోజే అలాగే నేర్పేరు. త్వరగా అయిపోయేది. కిటికీ బయట జనం తోసుకుంటుంటే త్వరగా అవడమే గొప్ప.

రత్నం గారి పిల్ల బ్లెస్సీ అక్కడికి ఎనిమిది నెలలప్పుడు వచ్చింది. పుట్టుకతోనే గుండెలో రంధ్రం, దానికితోడు ఊపిరితిత్తులకి నెత్తురెళ్ళే దారి ఇరుకు. ఏడిస్తే పెదాలు నేరేడు పండు రంగులోకి తిరిగిపోయేవి. పిల్ల బరువు చాల్లేదు కాబట్టి ముందు చిన్న గొట్టం ఒకటి వేసి నెత్తురెళ్ళేలా చేస్తాం, పెద్దయ్యేక అసలు ఆపరేషన్ చేద్దాం అన్నారు డాక్టరు గారు. మొదటిది తాత్కాలికం. రెండోది పూర్తి మరమ్మత్తు. రెంటికీ నంబర్లు వేరు.

నేను పాత ఫైలు తెరిచేను. ఆ పాత ఫైలు పూర్తి మరమ్మత్తు చేయించుకున్న పిల్లాడిది. పేరు మార్చేను. కార్డు నంబరు మార్చేను. వయసు మార్చేను. ఆపరేషన్ నంబరు మార్చలేదు.

కావాలని కాదండి. దేవుడి మీద ఒట్టు. పైనుంచి సరేనని వచ్చేసింది. గొట్టం వేసేరు, పిల్ల ఇంటికెళ్ళింది, తర్వాత పంపాల్సిన కాగితాలూ వెళ్ళేయి, ఏదీ ఎవరూ సరిచూసుకోలేదు. ఇక్కడిదాకా నా తప్పు పరాకు. ఇక్కడితో ఆగుంటే ఇది రాసేదాన్ని కాదు.

రెండేళ్ళు దాటేక రత్నం గారు మళ్ళీ వచ్చేరు. బ్లెస్సీకి మూడేళ్ళు నిండబోతున్నాయి. గొట్టం ఇక చాలట్లేదు, నెల లోపల అసలు ఆపరేషన్ చేసెయ్యాలని డాక్టరు గారు రాసేరు. కొత్తగా ఎకో, అదే గుండె స్కానింగు, కూడా తీసేరు. అన్నీ బాగానే ఉన్నాయి. నేను ఫారం నింపి పంపేను. ఓ గంటకి తిరిగొచ్చింది. ‘ఈ పేషెంటుకి ఈ ఆపరేషన్ ఇదివరకే జరిగినది.’

ఎలా జరుగుద్ది? పిల్ల నా ఎదురుగానే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పాత ఫైలు తెరిచి చూసేను. నంబరు కనపడింది. దాని పక్కనే వేసినవాళ్ళ ఐడీ. నాది.

ఆ కాసేపట్లో ఎన్ని అనుకున్నానో. దిద్దించాలంటే ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు సంతకం పెట్టి ఉత్తరం పంపాలి. చిన్న ఆపరేషన్ చేసి పెద్దదాని నంబరు వేసేమంటే కావాలనే వేసేమనుకుంటారు. ఎవరేసేరని అడుగుతారు. ఉద్యోగం పోద్ది. ఆ నెలే డిగ్రీ రెండో ఏడాదికి కట్టేను. అమ్మ వేళ్ళు రొయ్యల ముళ్ళు గుచ్చుకుని ఎప్పుడూ పుళ్ళే. ఇవన్నీ సాకులేనా? అప్పుడు సాకుల్లా అనిపించలేదు. అప్పుడు ఇల్లంతా నా మీదే నిలబడ్డట్టుండేది. ఇప్పుడు చూస్తే, ఇల్లు నిలబడడానికి ఆ పిల్లే అడ్డమయ్యిందా అని నన్ను నేనే అడుగుతాను.

నా మొహం చూసి రత్నం గారే అడిగేరు.

“ఏమైందండి మేడం గారండి? తిరగ్గొట్టేసేరా?”

ఆవిడ ఒళ్ళోని పిల్లని ఓ పక్కకి సర్దుకుని, సంచిలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసి, దాంట్లోంచి ఓ అట్టలాంటిది బయటికి లాగేరు. గట్టిగా, నున్నగా, మొత్తం నల్లగా ఉంది.

“దీని గురించే కదండి? నాకు తెలుసండి. నా బుద్ధి గడ్డి తింది.”

“ఏంటండి ఇది?”

“మొదటిసారి తీసిన ఎకో బొమ్మండి. మా ఇల్లు చూసేరు కాదు, వానొస్తే నాలుగు పక్కలా కారుద్ది. కాగితం పాడైపోద్దని జెరాక్సు కొట్టుకెళ్ళి లామినేషన్ చేయించేనండి. తెల్లగా లోపలికెళ్ళింది, మిషన్లోంచి ఇలాగొచ్చింది. ఆ కొట్టబ్బాయి కూడా భయపడిపోయేడండి. డబ్బులొద్దు వెళ్ళిపోండి అన్నాడు.”

నాకు తెలుసు. ఆ బొమ్మలు అచ్చేసేది వేడి తగిలితే నల్లబడే రకం కాగితం మీద. ఇంటి పత్రాలూ రేషను కార్డులూ ఎలా పదిలం చేసుకుంటామో అలాగే ఆవిడ పిల్ల గుండె బొమ్మనీ పదిలం చేద్దామనుకున్నారు. మాలాంటి ఇళ్ళల్లో విలువైన కాగితం ఏదొచ్చినా మొదట చేసే పని అదే. ఇంకోటి కూడా నాకు తెలుసు. ఆ పాత బొమ్మతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. కొత్త ఎకో ఉంది. పంపేను కూడా.

“చెప్పండమ్మా,” అన్నారావిడ. “ఈ నల్ల కాగితం వల్లే కదండి ఆగిపోయింది?”

“ఆయ్,” అన్నాను.

నేను అబద్ధం కల్పించలేదండి. ఆవిడే తెచ్చి నా ముందు పెట్టేరు. నేను ఔనన్నానంతే. ఇన్నేళ్ళూ నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. కల్పించడానికీ ఔననడానికీ ఏదో తేడా ఉన్నట్టు.

ఆవిడ తల ఊపేరు. కోపం లేదు. నన్ను తిట్టలేదు, ఆసుపత్రిని తిట్టలేదు. “నేనే నా పిల్ల పీకల మీదకి తెచ్చేను” అని, బ్లెస్సీ నోటి పక్కనున్న రస్కు పొడి తుడిచేరు. తర్వాత “నన్నేం చెయ్యమంటారండి” అని అడిగేరు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ ఎకో తీసినచోటికెళ్ళి ఇంకో కాపీ తెమ్మన్నాను. రామచంద్రపురం అవతల ఎక్కడో తీయించేరట. తొమ్మిది రోజులు తిరిగేరావిడ. ఓరోజు డాక్టరు లేరు, ఓరోజు మిషను మార్చేసేం పాతవి లేవన్నారు, ఓరోజు కరెంటు లేదు. అంతలోపల నేను పెద్ద డాక్టరు గారికి నిజం చెప్పేసి దిద్దించేద్దామనే అనుకున్నాను. ఉత్తరం కూడా రాసేను. మూడు లైన్లు. ‘పొరపాటున తప్పు నంబరు వేయబడినది’ అని, ఎవరు వేసేరో లేకుండా. అది సొరుగులో పెట్టేను. రోజూ పొద్దున్న సొరుగు తెరిచేదాన్ని. ఆయన గది నా కుర్చీ నుంచి ఎన్ని అడుగులో నాకు తెలుసు. వెళ్ళలేదు.

తొమ్మిదో రోజు ఆవిడ ఎలాగో కాపీ సంపాదించుకొచ్చేరు. కాగితాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చేరు. మొహం వెలిగిపోతోంది. “ఇంక పర్వాలేదు కదండి?” అన్నారు. నేను తీసుకున్నాను. “పైకి పంపుతాను, వచ్చేవారం చెప్తాను” అన్నాను. ఎక్కడికీ పంపలేదు. పంపడానికి లేదు. దారి నేనే మూసేను, తాళం నా సొరుగులోనే ఉంది.

ఆ వచ్చేవారం తర్వాత ఇంకో వచ్చేవారం చెప్పేను. ఆ తర్వాత ఇంకోటి.

ఓరోజు పదకొండింటప్పుడు కిటికీ దగ్గరున్న ఫోను మోగింది. రత్నం గారు. గొంతు మామూలుగానే ఉంది. అదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది, మామూలుగా ఉంది. “మేడం గారండి, బ్లెస్సీ ఫైలు ఇంక చూడకండమ్మా. నిన్న పొద్దున్న నేను బోరింగు దగ్గరుండగా ఏడ్చిందంట, ఊపిరి తిరగలేదు. పోయింది. మీకు చాలా శ్రమిచ్చేను” అన్నారు. శ్రమిచ్చేనన్నారు.

నేనేమన్నానో గుర్తులేదు. ఫోను పెట్టేసి ఫైలు మూసేను. ఫైలు మూసేటప్పుడు కారణం ఎంచుకోవాలి, దానికో జాబితా ఉంటది. దాంట్లో ‘పేషెంటు తిరిగి రాలేదు’ అన్నదాని మీద నొక్కేను. సొరుగులో ఉత్తరం చించేను.

ఆపరేషన్ జరిగినా బతికేదో లేదో నాకు తెలీదండి. డాక్టర్లు కూడా చెప్పలేరు. కానీ నెలలోపల చెయ్యమని రాసేరు, నెల దాటేక కూడా పిల్ల ఇంటి దగ్గరే ఉంది. ఆ రోజులు పిల్లవి. నేను తీసుకున్నాను.

ఏడాది తిరక్కుండా అక్కడ మానేసి అమలాపురంలో చిన్న నర్సింగ్ హోములో చేరేను. తప్పించుకున్నాననుకున్నాను. ఓ సాయంత్రం మా అమ్మ తనతో రొయ్యల షెడ్డులో కొత్తగా చేరిన ఆవిణ్ణి టీకి ఇంటికి తీసుకొచ్చింది. రత్నం గారు. వాళ్ళాయనకి మా పక్క చేపల చెరువు దగ్గర కాపలా పని దొరికి ఇటొచ్చేరట. నన్ను చూడగానే గుర్తుపట్టేరు. “ఈవిడేనా మీ అమ్మాయి! పిన్నిగారూ, నా పిల్లకోసం ఎంత కష్టపడిందండి మీ అమ్మాయి” అన్నారు. మా అమ్మ మొహం గర్వంతో ఎంత వెడల్పయ్యిందో మీకు చెప్పలేను. అప్పట్నుంచీ రత్నం గారు నాకు రత్నం అక్క. నాలుగేళ్ళుగా మా ఇంటికొస్తారు, పోతారు. నాకు జ్వరమొస్తే కషాయం కాచి తెచ్చేరు. తాగేను.

ఇంక ఈ నెల సంగతి. పట్టా వచ్చిన ఆదివారం ఇంటినిండా జనం. రత్నం అక్క కొబ్బరి లౌజు చేసి పట్టుకొచ్చేరు. అందరూ చేతులు కడుక్కుని, తుడుచుకుని పట్టాని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పట్టుకుని చూస్తున్నారు. మా నాన్నకి చదవడం రాదు, నా పేరెక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపిస్తే ఆ వేలు అక్కడే ఉంచమన్నాడు, ఫొటో తీయించుకోడానికి. ఇన్నేళ్ళలో అంత నవ్వు మా ఇంట్లో లేదు. అప్పుడు నాన్న అన్నాడు, “రేపు పొద్దున్నే కొట్టుకెళ్ళి దీన్ని లామినేషన్ చేయించుకొచ్చేస్తాను.”

రత్నం అక్క చేతిలో గిన్నె కింద పెట్టేసి ఒక్క అంగలో వచ్చి పట్టాని లాక్కున్నారు.

“వద్దు బాబాయ్ గారండి! వద్దు! నేను చేయించే కదండి నా పిల్లని చంపుకున్నాను. కావాలంటే మీ అమ్మాయిని అడగండి. తనకి తెలుసు.”

అందరూ నావైపు చూసేరు. పట్టా కాగితం వేరు, దానికేం కాదు అని చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే మిగతాదీ చెప్పాలి. నేను నీళ్ళకోసమన్నట్టు వంటింట్లోకి వెళ్ళేను. బిందె పక్కన నిలబడ్డాను. అవతల గదిలో ఆవిడ నా పేరున్న కాగితాన్ని కాపాడుతున్నారు. నాకోసం. ఆరేళ్ళ తర్వాత కూడా అదే నల్ల కాగితం పట్టుకుని ఆ మనిషి ఎక్కడ ఆగిపోయేరో నాకప్పుడు కనపడింది. నేనేమో డిగ్రీ అయ్యేను, పరీక్షలు పాసయ్యేను, ముందుకొచ్చేసేను. పిల్ల పోయిన దుఃఖం ఆవిడది. పిల్లని చంపేనన్నది మాత్రం ఆవిడది కాదు. అది నేనిచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికెళ్ళేను. అరుగుమీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు చీరుతున్నారు, చీపుళ్ళకి. కూర్చోమన్నారు. కూర్చోలేదు. నిలబడే చెప్పేను. పాత ఫైలు తెరవడం, నంబరు మార్చకపోవడం, సొరుగు, ఉత్తరం, అన్నీ. అందంగా చెప్పలేదు, వెనకాముందూ అయిపోయింది. కత్తి ఈనెమీద ఆగిపోయింది. ఆవిడ నావైపు చూడలేదు, ఈనెనే చూస్తున్నారు. ఒక్కటే అడిగేరు.

“అంటే... ఆ కాగితం తెల్లగా ఉన్నా ఇంతేనా?”

“ఆయ్,” అన్నాను.

లేచి లోపలికెళ్ళేరు. పెట్టె మూత చప్పుడయ్యింది. బయటికొచ్చి ఆ నల్ల అట్ట నా చేతిలో పెట్టేరు. దాని అంచులు అరిగిపోయేయి. ఎన్నిసార్లు తీసి చూసుకున్నారో. “ఇది నాది కాదన్నమాట” అన్నారు. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండును. మళ్ళీ కూర్చుని కత్తి తీసుకున్నారు. నేను కదలకపోతే, “వెళ్ళమ్మా” అన్నారు, ఈనె చీరుతూ. మేడం గారూ అనలేదు, అమ్మాయ్ అని కూడా అనలేదు. దారినపోయే వాళ్ళనెవర్నో అన్నట్టు అన్నారు.

అప్పట్నుంచీ మా ఇంటికి రావట్లేదు. షెడ్డులో అమ్మ పక్కన కాకుండా వేరే బల్ల దగ్గర నిలబడుతున్నారట. అమ్మకీ నాన్నకీ కూడా చెప్పేసేను. అమ్మ రెండురోజులు నాతో మాట్లాడలేదు. నాన్న పట్టాకి ఫ్రేము కట్టించడం ఆపేడు, అదింకా బీరువాలో ఉంది. ఆ పెద్దాసుపత్రికి ఆ మూడు లైన్ల ఉత్తరం మళ్ళీ రాసి పంపేను, ఈసారి నా పేరుతో. కొత్త ఉద్యోగం వాళ్ళకీ కాపీ పెట్టేను. వాళ్ళేమంటారో ఇంకా తెలీదు.

క్షమించేరా అని అడక్కండి. క్షమించమని నేను అడగలేదు. అడిగితే మళ్ళీ ఆవిణ్ణే ఏదో ఇమ్మన్నట్టవుద్ది.

నల్ల అట్ట ఇప్పుడు నా బల్లమీదే ఉంది, దాని పక్కనే ఇది రాస్తున్నాను. వెలుగులో పెట్టి చూస్తే ఓ మూల ఇంకా కొంచెం తెలుపుంది. అక్కడ పిల్ల పేరు, వయసు ఎనిమిది నెలలు అని అచ్చు, సగం కనపడతన్నాయి. బరువేం తగ్గలేదండి. కానీ ఇన్నాళ్ళూ వేరే మనిషి పెట్టెలో ఉన్నది, ఇప్పుడు నా దగ్గరుంది. రాత్రి అన్నం తిన్నాను. ఈ మాట మీతో అనడానికి సిగ్గుగా ఉంది. తిన్నాను, లోపలికి దిగింది.